పెంకుటింటి కప్పు మార్చుట: ఎన్ని దినములు పట్టును, ఎప్పుడు మొదలిడవలెను

సేద్యగానికి ఇల్లు తలదాచుకొను చోటు మాత్రమే కాదు. విత్తనపు గింజ, ఏడాది గ్రాసము, అమ్మకమునకు ఉంచిన ప్రత్తియు మిరపయు, కాడియు నాగలియు, భూమి కాగితములు ఉన్న పెట్టెయు ఆ కప్పు క్రిందనే యుండును. కప్పు చెడినయెడల నష్టము ఇంటితో నిలువదు. తడిసిన విత్తనము మొలకెత్తదు. తలభాగమున నానిన మట్టిగోడ ఒక్క రాత్రిలో కూలును. అట్లయ్యును పెక్కుమంది రైతులు కప్పు కాఱుటను ఆషాఢమున చూచి, శ్రావణమున వగచి, కార్తికమున మఱచి, జ్యేష్ఠమున మొదటి ఉఱుము విన్నపుడు మరల జ్ఞప్తికి తెచ్చుకొందురు. అప్పటికి వడ్రంగి దొరకడు, పెంకు దొరకదు, దొరికినను ధర హెచ్చును. ఎడ్లు దుక్కికి పోవలసిన దినములలో కూలీలు ఇంటిపైన నుందురు.

కావున కప్పు మార్చుటకు ఎన్ని దినములు పట్టును, ఏయే కారణములచే పని జాగగును, ఏ నెలలో ఏ పని చేయించవలెను అను విషయములు ఇందు క్రమముగా వివరింపబడుచున్నవి.

1. పని దినములు వేఱు, సిద్ధపాటు దినములు వేఱు

కప్పు మార్పునకు పది దినములు చాలునని వడ్రంగులు చెప్పుదురు. ఆ మాట అసత్యము కాదు. కాని అది కలప, పెంకు, మేకులు, మనుష్యులు అన్నియు వాకిట సిద్ధముగా నున్నపుడు మాత్రమే నిజమగును. విప్పిన దినము మొదలు తుది పెంకు పఱచు దినము వఱకు గల కాలము పని దినములు. అంతకు ముందు సరకు సమకూర్చుటకు పట్టు కాలము సిద్ధపాటు దినములు. మొదటిది దినములలో లెక్కింపదగినది. రెండవది నెలలలో లెక్కింపదగినది. ఈ రెంటిని వేఱుపఱచి చూడకపోవుటయే పెక్కు చిక్కులకు మూలము.

నాలుగు అంకణముల సాధారణపు ఇంటికి ఇద్దఱు వడ్రంగులు, ఇద్దఱు పెంకు పఱచు పనివారు, ఐదాఱుగురు కూలీలు ఉన్నయెడల సుమారుగా పట్టు పని దినములు ఇవి:

పాత పెంకు తిరుగవేసి, పగిలినవానిని మాత్రము మార్చుటకు 2 నుండి 4 దినములు.
పెంకుతో పాటు వాసములపై అడ్డముగా కొట్టిన పెండెలు (దబ్బలు) మార్చుటకు 5 నుండి 7 దినములు.
చెడిన వాసములు కొన్ని తీసి క్రొత్తవి వేయుట కూడ కలిసినచో 8 నుండి 12 దినములు.
దూలములు, మొగురములు, వాసములు అన్నియు మార్చుటకు 3 నుండి 4 వారములు.

ఈ లెక్కలో నాలుగింట నొక పాలు అదనముగా కలుపుకొనుట మంచిది. పండ్రెండు దినముల పనికి పదునైదు దినములు ఉన్నవని కొలుచుకొన్నవాడు తొందరపడడు. పండ్రెండే ఉన్నవని కొలుచుకొన్నవాడు తుదిదినమున పెంకును అడ్డదిడ్డముగా పఱపించి, ఆ లోపమును నాలుగేండ్లు అనుభవించును.

2. కప్పు కొలత తెలిసికొనుట

సరకు తక్కువపడి పని మధ్యలో నిలిచిపోవుట జాగునకు ముఖ్యకారణము. కావున ముందుగా కప్పు వైశాల్యము కట్టవలెను. నేలమీది కొలత చాలదు. వాలు కొలత కావలెను.

ఉదాహరణముగా 36 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల రెండు వాలుల ఇంటిని తీసికొనవచ్చును. కొప్పు క్రింది నుండి గోడ వఱకు అడ్డపు దూరము 9 అడుగులు. ప్రతి రెండడుగులకు ఒక అడుగు ఎత్తు చొప్పున వాలుంచినచో కొప్పు గోడతలకంటె నాలుగున్నర అడుగుల ఎత్తున నుండును. అపుడు వాలు పొడవు సుమారు 10 అడుగులు. చూరు గోడను దాటి రెండడుగులు ముందుకు రావలెను గనుక వాలు వెంబడి మొత్తము సుమారు 12 అడుగుల 4 అంగుళములగును. ఇంటి పొడవునకు రెండు కొనలయందు ఒకటిన్నర అడుగు చొప్పున చేర్చిన 39 అడుగులు. ఈ రెంటిని గుణించి, రెండు వాలులకు రెండింతలు చేయగా సుమారు 960 చదరపు అడుగులు వచ్చును. నేలమీది కొలత 648 చదరపు అడుగులే యగుటను గమనింపవలెను. నేల కొలతను నమ్మి పెంకు తెచ్చినవానికి మూడింట నొక పాలు తక్కువపడును.

తెలుగునాట బెంగుళూరు పెంకులని పిలువబడు బల్లపెంకులు నిజమునకు మంగుళూరునుండి వచ్చినవి. అచ్చట బాసెల్ మిషనువారు 1865లో ఈ పెంకుల కర్మాగారమును నెలకొల్పిరి. ఇవి నూఱు చదరపు అడుగులకు సుమారు 150 పట్టును. పై ఇంటికి 1,440 కావలెను. విఱుగుడునకు నూటికి ఐదు చొప్పున 72 చేర్చి 1,512 తెప్పించవలెను. కొప్పు పెంకులు వేఱుగా 40 ఉంచుకొనవలెను.

గూనపెంకులు ఊరూరికి పరిమాణము మాఱును. అందువలన ఎవరో చెప్పిన లెక్కను నమ్మరాదు. నేలపై ఒక గజము పొడవు, ఒక గజము వెడల్పు గీచి, అందు క్రిందివరుసయు పైవరుసయు ఇంటిపై పఱచునట్లే పఱచి లెక్కింపవలెను. ఆ చదరపు గజమునకు 100 పెంకులు పట్టినవనుకొన్న, 960 చదరపు అడుగులనగా సుమారు 107 చదరపు గజములు గనుక 10,700 పెంకులు కావలెను. గూనపెంకు బండిపైనను, చేతులు మాఱుటలోను ఎక్కువగా విఱుగును గనుక నూటికి పది అదనముగా నుంచవలెను.

పెంకు గుణమును చూచుటకు రెండు పరీక్షలు కలవు. వ్రేలితో కొట్టిన గణగణ మ్రోగవలెను. బొద్దుగా మ్రోగినది పగిలినదో, సరిగా కాలనిదో యగును. బాగుగా ఎండిన పెంకును తూచి, ఒక పగలు ఒక రాత్రి నీట నుంచి, తుడిచి మరల తూచవలెను. ఐదవవంతుకు మించి బరువు పెరిగినచో ఆ పెంకు పనికిరాదు. బల్లపెంకు ఒక్కొక్కటి సుమారు రెండున్నర కిలోలుండును. అది ఐదవవంతు నీరు పీల్చినచో, 1,440 పెంకుల కప్పు ముసురులో 700 కిలోలకు పైగా అదనపు బరువును వాసములపై మోపును. పాత వాసములు వానకాలముననే విఱుగుటకు ఇది యొక కారణము.

3. పనిని జాగుచేయు కారణములు

(అ) కనబడని చెడుగు. పెంకు క్రింద ఏమున్నదో విప్పిన తరువాత గాని తెలియదని యందురు. ఇది సగము మాత్రమే నిజము. వాసముల కొనలు గోడలో దిగిన చోట చెదలు మొదట పట్టును. చూరు క్రింద నీరు జాఱు చోట కఱ్ఱ మొదట కుళ్లును. కొప్పు క్రింద మొగురము కాఱుటచే నల్లబడును. ఈ మూడు చోట్లను కార్తికములోనే నిచ్చెన వేసికొని ఉలికొనతో పొడిచి చూడవలెను. గట్టిగా ఎదురునిలిచిన కఱ్ఱ మంచిది. ఉలి అంగుళము లోనికి దిగిన కఱ్ఱ మార్చవలసినది. తట్టిన డొల్లగా మ్రోగినది లోపల చెదలు తిన్నది. చెడినవానికి సుద్దతో గుఱుతు పెట్టి లెక్క వ్రాసికొన్నయెడల ఎన్ని వాసములు కావలెనో ముందుగానే తెలియును. అట్లు లెక్కించిన దానికంటె నాలుగైదు వాసములు ఎక్కువగా నుంచుకొనుట క్షేమము. ఈ పరీక్ష ఒక పూట పని. దీనిని మానినందున పని మధ్యలో వారము దినములు కలపకై తిరుగవలసి వచ్చును. ఆ వారము ఇల్లు ఆకాశము క్రింద నుండును.

(ఆ) కలప ఆఱుట. పచ్చి కఱ్ఱ ఆఱునపుడు కుదించుకొని వంగును. దానితో కప్పు వేసినచో ఏడాది తిరుగకమునుపే వాలు కుంగి పెంకు వరుసలు విడిపోవును. దూలమునకు, వాసమునకు కోసిన కలపను నీడలో గాలి యాడునట్లు అడ్డకఱ్ఱలపై పేర్చి, ఆఱునెలలకు తక్కువ కాకుండ ఆఱనీయవలెను. తాటివాసము కావలసినవారు ముదురు చెట్టును ఎంచుకొనవలెను. తాటికి వెలుపలి భాగము గట్టిది, నడిమి భాగము మెత్తనిది గనుక లోని దూదివంటి భాగమును చెక్కివేయవలెను. వెదురు మూడేండ్లు నిండినది కావలెను. వర్షర్తువులో కొట్టిన లేతవెదురునకు పురుగు త్వరగా పట్టును. వానలు వెడలిన పిమ్మట కొట్టి, మూడు నాలుగు వారములు నీట నానవేసి, నీడలో ఆరబెట్టినచో పురుగు ఆశించు పిండిపదార్థము తగ్గును. బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపిన నీటిలో నానవేయుట అంతకంటె మేలైన పద్ధతి. అడవినుండి గాని, సొంత పొలము గట్టునుండి గాని కలప కొట్టుటకు అనుమతి అవసరమగు చోట ఆ పత్రము ముందుగా పొందవలెను. అనుమతి లేని కలప త్రోవలో నిలిచిపోయినచో ఇంటి పనియు అచ్చటనే నిలుచును.

(ఇ) పెంకు దొరకుట. కుమ్మరి పెంకు వర్షర్తువులో ఆఱదు. వానలు వెడలి చెఱువు మట్టి దొరకిన తరువాత చేసి, ఎండించి, ఆవమున కాల్చి యిచ్చును. మార్గశిరములో చెప్పినవానికి మాఘమున చేరును. చైత్రములో చెప్పినవాడు ఊరివారందఱి వెనుక నిలువవలెను.

(ఈ) మనుష్యులు దొరకుట. ఇది పైరు ననుసరించి యుండును. మెట్టరైతునకు రబీ జొన్న కోతలు తీఱిన పిమ్మట మార్చి చివర నుండి ఏప్రిలు వఱకు తీఱిక కాలము. చెఱువు, కాలువ, బావుల క్రింద తాబీ (యాసంగి) వరి వేయువారికి ఏప్రిలులో కోతలు వచ్చును గనుక నాట్లు ముగిసి కోతలు రాకముందు, అనగా ఫిబ్రవరి, మార్చి నెలలు అనుకూలము. మిరప ఏరు గ్రామములలో ఆ నెలలలో కూలీలు అరుదు. పెండ్లి ముహూర్తములు ఎక్కువగా నున్న దినములలో వడ్రంగులును పందిళ్ల పనిపై పోవుదురు. వడ్రంగి యెవ్వడైనను ఒక్క ఇంటి పనియే పెట్టుకొనడు. కావున సంక్రాంతినాటికే దినము నిశ్చయించి మాట పుచ్చుకొనవలెను.

(ఉ) వాన. తెలంగాణమున ఏడాది వర్షములో నాలుగింట మూడు పాళ్లకు పైగా జూన్ మొదలు సెప్టెంబరు వఱకు కురియును. మృగశిర కార్తె జూన్ 8వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. అయితే వేసవి యంతయు పొడియే యని నమ్మరాదు. మార్చి మొదలు మే వఱకు సాయంకాలములయందు ఈదురుగాలులు, ఉఱుములతోడి జల్లులు, ఒక్కొక్కపుడు వడగండ్లు వచ్చుట కలదు. పై ఉదాహరణపు ఇల్లు పూర్తిగా విప్పియున్నపుడు ఒక్క అంగుళము వాన కురిసినచో ఆ కప్పు నేలమీద కప్పియుండు 858 చదరపు అడుగుల చోటున సుమారు 2,000 లీటర్ల నీరు పడును. అందు ఎక్కువపాలు ఇంటిలోనికే వచ్చును. వరి విత్తనము నిలువయుండుటకు దానిలో తేమ నూటికి 13 పాళ్లకును, వేరుసెనగకు 9 పాళ్లకును మించరాదు. ఒక్క సాయంకాలపు జల్లు ఆ హద్దును దాటించుటకు చాలును.

వర్షర్తువు నడుమ వచ్చు తెఱపిని నమ్మి కప్పు విప్పుట అన్నిటికంటె అపాయకరము. భాద్రపదము దాటిన పిమ్మట వానలు తగ్గునను తలంపు సాధారణమే గాని, 1908వ సంవత్సరమున హైదరాబాదునందు మూసీనది పొంగి వేలకొలది ప్రాణములను, ఇండ్లను గొన్నది సెప్టెంబరు 28వ తేదీననే, అనగా హస్త కార్తెలోనే. కావున స్వాతి వెడలువఱకు విప్పుట తలపెట్టరాదు.

(ఊ) కర్తరి, మూఢము, శూన్యమాసములు. మే నెల 4వ తేదీ ప్రాంతమున చిన్న కర్తరియు, 11వ తేదీ ప్రాంతమున పెద్ద కర్తరియు ప్రవేశించి, 28వ తేదీ ప్రాంతమున ముగియునని పంచాంగములు చెప్పును. ఆ దినములలో కఱ్ఱ కొట్టుట, ఇల్లు కప్పుట మొదలిడరాదని పలువురు పాటింతురు. పాటించువారికి వేసవి పని కాలము మే మొదటి వారముతోనే ముగియును. కర్తరి విడిచిన పిమ్మట మృగశిరకు పది దినములే మిగులును. పాటింపనివారికిని అవి మిక్కిలి ఎండ దినములు. ఇంటిపైన పనిచేయువారు ఉదయము పదునొకండు గంటల వఱకును, సాయంకాలము నాలుగు గంటల తరువాతను మాత్రమే పనిచేయగలరు గనుక పని సగముపాళ్లు జాగగును. వడదెబ్బ తగిలిన పనివాడు ఇంటిపైనుండి పడిన ప్రాణహాని కూడ కలుగవచ్చును.

(ఋ) ఇంటి ఆకారము. రెండు వాలుల ఇంటికంటె నాలుగు వాలుల ఇంటికి మూలవాసముల వద్ద పెంకు చెక్కవలసి యుండుటచే ఒకటి రెండు దినములు ఎక్కువ పట్టును. రెండిండ్ల వాలులు కలియు కోణమున నీరు చేరు కాలువ యున్నచో ఆ పని నిదానముగా చేయవలసినది. కప్పులలో మొదట కాఱునది ఆ చోటే. మండువా ఇండ్లలో ఇట్టి చోట్లు నాలుగుండును.

4. మాసక్రమము

అక్టోబరు, నవంబరు: వానలో కాఱిన చోట్లకు లోపలినుండి బొగ్గుతో గుఱుతు పెట్టియుంచి, వానలు వెడలినంతనే ఉలితో పరీక్షించి చెడిన కఱ్ఱల లెక్క వ్రాయవలెను. మొత్తము దూలములు మార్చవలసి యున్నచో ఆ ఏడు పాత కప్పును తిరుగవేయించి, కలప మాత్రము కొట్టించి ఆఱవేసి, కప్పు పనిని మఱుసటి ఏటికి ఉంచుట మంచిది.
డిసెంబరు: కుమ్మరికి గాని పెంకు వర్తకునికి గాని పెంకు చెప్పవలెను. వెదురు కొట్టించి నానవేయవలెను.
జనవరి: ఆబీ (వానకాలపు) ధాన్యము అమ్మిన సొమ్ములో కప్పునకు కావలసిన పాలును వేఱుగా నుంచవలెను. వడ్రంగితో దినము నిశ్చయింపవలెను.
ఫిబ్రవరి: పెంకు, సున్నము, ఇసుక, మేకులు వాకిట చేర్పవలెను. వాసములు చెక్కించి, గోడలో దిగు కొనలకు తారు పూయించవలెను.
మార్చి, ఏప్రిలు: విప్పుట, కప్పుట. మెట్టరైతు ఉగాది వెళ్లిన మఱునాడు విప్పుట మొదలిడినచో శ్రీరామనవమి దాటిన కొలది దినములకు పని ముగియును.
మే: కప్పుపై నీరు పోయించి కాఱు చోట్లు చూచి సరిచేయించుటకు మాత్రమే ఈ నెలను ఉంచవలెను.

5. విప్పుట, కప్పుట: దినక్రమము

విప్పుటకు ముందుదినమే గాదెలోని గింజను, కాగితములను, వస్త్రములను ఇరుగుపొరుగు ఇంటికి గాని, కొట్టమునకు గాని తరలింపవలెను. పసిబిడ్డలు, బాలింతరాలు, ముదుసలులు ఉన్న ఇంట వారికి వేఱుచోట పడక ఏర్పాటు చేయవలెను. పాత కప్పునుండి రాలు దుమ్ము, తేళ్లు, జెఱ్ఱులు వారికి కీడు చేయును.

ఇల్లంతయు ఒక్కసారి విప్పరాదు. నాలుగు అంకణములలో రెండింటిని విప్పి కప్పిన తరువాత మిగిలిన రెండింటిని విప్పవలెను. దీనివలన రెండు మూడు దినములు ఎక్కువ పట్టును గాని, అకాలవర్షము వచ్చినపుడు సగమిల్లు మిగులును. విప్పిన భాగమునకు సరిపడు టార్పాలినును త్రాళ్లతో సహా ప్రక్కనే యుంచి, ప్రతి సాయంకాలము కప్పి కట్టించవలెను. గోడతలలను విడిగా గోనెలతోనో పాతచాపలతోనో కప్పవలెను. మట్టిగోడకు నీరు ప్రక్కనుండి తగులుటకంటె తలనుండి దిగుట కీడు.

మొదటి, రెండవ దినములు: పెంకును కొప్పునుండి చూరువైపు, రెండు వాలులనుండియు సమముగా దింపవలెను. ఒక్క వాలునే దింపినచో బరువు ఒక ప్రక్కనే నిలిచి చట్రము ఒరుగును. దింపిన పెంకును మ్రోగించి మంచిది, చెడ్డది వేఱుచేయవలెను.
మూడవ దినము మొదలు ఆఱవ దినము వఱకు: చెడిన వాసములను ఒక్కొక్కటిగా తీసి క్రొత్తవి వేయవలెను. రెండు మూడు వాసములు వరుసగా ఒక్కమాఱు తీయరాదు. గోడలోని పాత కన్నములను చెదలు లేకుండ గీకి శుభ్రపఱచవలెను.
ఏడవ, ఎనిమిదవ దినములు: పెండెలు కొట్టుట. బల్లపెంకునకు పెండెల నడిమి దూరము ఆ పెంకు పొడవునకు తగినట్లు ఒక కొలకఱ్ఱ చేసికొని అంతట ఒకే తీరుగ నుంచవలెను. కొలత తప్పినచో పెంకు గాడి కుదురదు. విప్పి మరల కొట్టవలసి యుండును.
తొమ్మిదవ దినము మొదలు పదునొకండవ దినము వఱకు: పెంకును చూరునుండి కొప్పునకు, రెండు వాలులపైనను సమముగా పఱచుకొని పోవలెను.
పండ్రెండవ దినము: కొప్పు పెంకులు సున్నముతో గాని సిమెంటుతో గాని అతికించుట. అటుపిమ్మట వారము దినములు ఉదయసాయంకాలములయందు అతుకులను తడుపుచుండవలెను. తడుపని అతుకు మొదటి వేసవిలోనే పగులును.

సగము సగముగా విప్పునపుడు ఈ క్రమమే రెండుమాఱులు నడచును. వడ్రంగులు రెండవ సగమునకు పోవునపుడు పెంకు పఱచువారు మొదటి సగముపై నుందురు గనుక దినములు రెండింతలు కావు.

6. తాటాకు, రెల్లు, రేకుల కప్పులు

తాటాకు ఇల్లు కప్పుటకు రెండు మూడు దినములే పట్టును. అయితే ఆకును కొట్టి, బరువు క్రింద అణచి, ఆఱనిచ్చుటకు మూడు నాలుగు వారములు కావలెను. రెల్లు ఆశ్వయుజమున పూచి, మార్గశిర పుష్యములలో ఎండి కోతకు వచ్చును. అపుడే కోయించి కట్టలు కట్టి పొడిచోట ఉంచవలెను. ఇట్టి కప్పునకు వాలు పెంకుటింటికంటె నిలువుగా నుండవలెను. వాలు చాలనిచో నీరు నిలిచి కప్పు కుళ్లును. ఆకుటిండ్లకు వేసవిలో అగ్నిభయము కలదు గనుక పాత ఆకును ఇంటి ప్రక్క కుప్పవేయక వెంటనే పొలమునకు తరలింపవలెను.

జింకు రేకులకు కఱ్ఱ సిద్ధముగా నున్నచో రెండు మూడు దినములు చాలును. రేకు ప్రక్కరేకుపై ఒకటిన్నర అలయు, పైరేకు క్రిందిరేకుపై ఆఱంగుళములును ఎక్కవలెను. మర అల శిఖరమున దిగవలెను గాని పల్లమున దిగరాదు. తేలిక కప్పు గనుక గాలికి లేచిపోకుండ చూరువద్ద కొక్కీలు దగ్గఱగా వేయవలెను.

పాత సిమెంటు రేకులను దింపునపుడు ప్రత్యేక జాగ్రత్త కావలెను. అందు ఆస్బెస్టాసు అను రాతినార యుండుట కలదు. ఆ నార ధూళి ఊపిరితిత్తులలో చేరి శ్వాసకోశపు జబ్బునకును, క్యాన్సరునకును కారణమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు నిర్ధారించియున్నారు. కావున అట్టి రేకులను పగులగొట్టక, ఱంపముతో కోయక, నీటితో తడిపి మరలు విప్పి నిండుగా దింపవలెను. ముక్కునకు గుడ్డ కట్టుట మాత్రము చాలదు. అట్టి పనికి తగిన ముసుగు ధరింపవలెను. పిల్లలను దగ్గఱకు రానీయరాదు.

7. కరారు వ్రాసికొనుట

నోటిమాట పనులలోనే తగవులు ఎక్కువ. కూలీ మాటలాడుకొనునపుడు కరారు కాగితముమీద ఈ అంశములు వ్రాయవలెను: పని మొదలిడు తేదీ, ముగించు తేదీ, వచ్చు పనివారి సంఖ్య, కఱ్ఱ, మేకులు ఎవరు తేవలెనో, లెక్కకు మించి చెడిన వాసములు బయటపడినచో ఒక్కొక్కదానికి ఎంత కూలీ, వానవలన నిలిచిన దినములు ఎవరి ఖాతా, పాత కఱ్ఱయు పెంకును ఎవరికి చెందును. బయానా మూడింట నొక పాలునకు మించి ఈయరాదు. వాసములు వేసిన పిమ్మట రెండవ పాలును, కొప్పు అతికి నీరు పోసి చూచిన పిమ్మట మూడవ పాలును ఈయవలెను. అంతయు ముందే పుచ్చుకొన్న పనివాడు వేఱొక ఇంటికి పోవుట సహజము.

విత్తనములకు, ఎఱువులకు, ఎడ్లకు అని తెచ్చిన అప్పును కప్పునకు వెచ్చింపరాదు. కప్పు ముగిసి చేను బీడుపడిన రైతు మఱుసటి ఏడు రెండు అప్పులు తీర్పవలసినవాడగును. సొమ్ము చాలనియెడల ఆ ఏడు రెండు అంకణములు మార్పించి, మిగిలినవి తిరుగవేయించుట వివేకము.

8. తరి తప్పినయెడల

ఏ కారణముచేనైనను మృగశిర వచ్చువఱకు కప్పు మార్పింపలేనివారు విప్పుట తలపెట్టరాదు. జాఱిన పెంకులను సర్దించి, పగిలినవానిని మార్పించి, కొప్పు అతుకులను మూయించి, కుంగిన వాసమునకు క్రింద నొక గుంజ నిలిపి ఆ వర్షర్తువును గడపవలెను. గింజను కాఱని అంకణమున ఎత్తైన మంచెపై నుంచవలెను. పాత కప్పు, ఎంత కాఱునదైనను, విప్పిన కప్పుకంటె మేలు.

ముఖ్యాంశములు

1. కప్పు పని పండ్రెండు దినములైనను సిద్ధపాటు ఆఱునెలలు.
2. నేల కొలత గాక వాలు కొలత కట్టి పెంకు తెప్పించవలెను.
3. కార్తికమున ఉలితో పరీక్ష, మార్గశిరమున పెంకు చెప్పుట, సంక్రాంతికి వడ్రంగి నిశ్చయము, ఫాల్గుణ చైత్రములలో పని.
4. సగమిల్లు విప్పి, అది కప్పిన పిమ్మటనే మిగిలిన సగము విప్పవలెను.
5. తుది పెంకు మే మొదటి వారము దాటకుండ పడవలెను. రోహిణిలో దుక్కి, మృగశిరలో విత్తు జరుగుచుండగా ఇంటిపై మనిషి యుండరాదు.